మా ఇంటి నల్ల కేకు

అమెరికాలో తెలుగువాళ్ళ ఇంట్లో ఓవెన్ అంటే అల్మరా. కాదని ఎవరైనా అంటే వాళ్ళింటికే వెళ్ళి తలుపు తీసి చూపిస్తాను. పెనం, మూకుడు, ఇడ్లీ రేకులు, మూతలు, మూతల మీద మూతలు. ట్రాయ్ అనే ఊళ్ళో మేము మొదట ఉన్న అపార్ట్‌మెంట్‌లోనూ అంతే. స్టవ్ కింద అంత పెద్ద గూడు ఖాళీగా పెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మా అమ్మాయికి ఆరేళ్ళు నిండే నెలలోనే మావారి ప్రాజెక్ట్ అయిపోయింది. ఇంకో ఉద్యోగం త్వరగా దొరక్కపోతే వీసా పోతుంది, సామాను సర్దుకోవాల్సిందే. నాకున్న వీసా మీద పని చేసే వీల్లేదు. పిల్లకి ఈ సంగతి తెలియకూడదని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. దాని ముందు నవ్వు ముఖాలతో తిరిగేవాళ్ళం. చిక్కల్లా పుట్టినరోజు కేకుతో వచ్చింది. మేము గుడ్డు తినం, గుడ్డు లేని కేకు కావాలంటే ప్రత్యేకంగా ఆర్డర్ ఇవ్వాలి. ఆ రోజుల్లో పాలు కొనడానికే వెనకాడేవాళ్ళం. కేకు లేకపోతే పిల్ల ఎందుకని అడుగుతుంది. అడిగితే తట్టుకోవడం నావల్ల కాదు.

మా పై అంతస్తులో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఇంగ్లండులో పుట్టి పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చిందట. లాండ్రీ రూమ్‌లో బట్టలు మడతపెడుతూ నా కేకు గోడు ఆవిడకి చెప్పుకుంటే, వాళ్ళమ్మ చేసే మాల్ట్ లోఫ్ అనే నల్ల కేకు గురించి చెప్పింది. గుడ్డు అక్కర్లేదు, వెన్న అక్కర్లేదు. టీలో కిస్‌మిస్ నానబెట్టి, చక్కెర, మాల్ట్, పిండి కలిపి బేక్ చేయడమే. నాకు ప్రాణం లేచొచ్చింది. మాల్ట్ పొడి మా ఇంట్లో సీసాలకొద్దీ ఉంది! మనవరాలికి బలమని మా అత్తగారు ఎవరు వస్తుంటే వాళ్ళ సూట్‌కేస్‌లో పెట్టి పంపేవారు. అది పాలలో కలిపితే పిల్ల గ్లాసు ముట్టేది కాదు. సీసాలన్నీ గడ్డకట్టి కూర్చున్నాయి.

పుట్టినరోజు పొద్దున ఆ గడ్డల్ని అప్పడాల కర్రతో చితక్కొట్టాను. మిగిలిన టీలో పాయసానికని దాచిన కిస్‌మిస్ వేశాను. చక్కెర బదులు బెల్లం కోరి, మైదా, బేకింగ్ పౌడర్ కలిపాను. ఓవెన్ ముందే వేడెక్కాలని ఆవిడ చెప్పింది కదా, ఆన్ చేశాను. లోపల చూడలేదు.

ముందు వాసన, తర్వాత పొగ, ఆపైన స్మోక్ అలారం. ప్లాస్టిక్ మూతలన్నీ కరిగి, మా అమ్మ ఇచ్చిన ఇనుప మూకుడికి అంటుకుపోయాయి. ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇస్తున్న మావారు మ్యూట్ నొక్కి పరుగెత్తుకొచ్చారు.

“ఆన్ చేసే ముందు లోపల చూసుకోవద్దా?”

“అది ఓవెనని గుర్తుంటేగా!” అని అరిచి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేశాను. కొత్త పరికిణీలో పిల్ల గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

అలారం విని పైనుంచి ముసలావిడ దిగివచ్చింది. ఏమీ అడగకుండా పిండి గిన్నె తీసుకుని వెళ్ళి, తన ఓవెన్‌లో బేక్ చేసి తెచ్చింది. కాగితంలో చుట్టి రెండు రోజులు ఆగి తినమంది, అప్పుడే రుచి కుదురుతుందట. పుట్టినరోజు రెండు రోజులు ఆగుతుందా? వేడివేడిగానే కోశాం. నల్లగా, జిగటగా ఉంది. పిల్ల మాత్రం రెండు ముక్కలు తిని, “సూపర్ అమ్మా!” అంది.

ఆ ఇంటర్వ్యూ పోయింది కానీ తర్వాతదాంట్లో ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడు గులాబీ క్రీమ్ కేకు కొనిపెడతానంటే పిల్ల వద్దంది, నల్ల కేకే కావాలంది. ఆ పై ఏడూ అదే. మా పిల్లకి బయటి కేకులు రుచించవని కనపడిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఇప్పుడది రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న పుట్టినరోజుకి మాల్ట్ పొడి పట్టుకుని వెళ్ళాను. ఓవెన్ తెరిస్తే నిండా గిన్నెలు! నవ్వుకుంటూ అన్నీ బయటపెట్టాను. పిండి కలుపుతూ, మొదటిసారి రెండు ముక్కలు తిన్నావని గుర్తుచేశాను.

“అమ్మా, నిజం చెప్పనా? ఆ ఫస్ట్ కేక్ అస్సలు బాలేదు. మధ్యలో పచ్చిగా ఉంది.”

“మరి ఎందుకు తిన్నావే?”

“నువ్వు కింద కూర్చుని ఏడ్చావ్ కదా. నాన్నకి జాబ్ లేదని నాకు తెలుసు.”

గరిటె పక్కన పెట్టి దానివైపు తిరిగాను.

“మరి మరుసటి ఏడు?”

“మళ్ళీ జాబ్ పోతుందేమో అనుకున్నా. తర్వాత నిజంగానే ఇష్టమైపోయింది అమ్మా, ప్రామిస్.”

మా నవ్వు ముఖాల ముందు ఆరేళ్ళ పిల్ల కూడా నవ్వు ముఖం పెట్టుకుని తిన్నదన్నమాట. ఆ చిన్న నోటిని తలుచుకుంటే ఏడుపు ఆగలేదు. ఉల్లిపాయలు కోస్తున్నానని చెప్పడానికి కేకులో ఉల్లిపాయలు కూడా ఉండవు.

కేకు ఓవెన్‌లోంచి తీశాక, ఈసారైనా రెండు రోజులు ఆగుదామని చుట్టడానికి కాగితం తీశాను. పిల్ల ఆగనివ్వలేదు. వేడివేడి ముక్క కోసి నా నోట్లో పెట్టి, ఎలా ఉందని అడిగింది. మధ్యలో కొంచెం పచ్చిగానే ఉంది.

“సూపర్” అన్నాను.