సూదమ్మ దగ్గరి చూపు

బట్టల చిరుగులకు రఫ్ఫు చేసే సూదమ్మకు అసలు పేరొకటి ఉండేది గానీ, పక్కనే ఇస్త్రీ చేసుకునే మొగుడే దాన్ని మరిచిపోయి చాలాకాలమైంది. కళ్ళద్దాలు తీస్తే గుమ్మంలో నిలబడింది గిరాకీయో గేదెయో ఆవిడకు తెలియదు. అయితేనేం, ముక్కు గుడ్డకు ఆనించిందంటే పోగు పోగునూ పలకరించి వచ్చేది. ఎడమకన్ను ఎప్పుడో చేతులెత్తేసింది. ఈ పనంతా కుడికంటిదే.

ఆ కుడికంట్లోనే ఓ పొద్దున నల్లటి తెర దిగింది. పై ప్రాణాలు పైనే పోయి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆసుపత్రికి పరిగెత్తారు.

"దగ్గరి చూపు మరీ ఎక్కువ కదమ్మా, కనుగుడ్డు సాగిపోయింది. లోపలి పొర పలచబడి, చిరిగి, ఊడొచ్చింది," అన్నాడు డాక్టరు.

"చిరుగేనా! మరి రఫ్ఫు చేసెయ్యండి."

"దాదాపు అంతే. లోపలి జెల్లీ తీసేసి, పొర అతికించి, చిరుగు చుట్టూ లేజరు కొట్టి, గ్యాసు నింపుతాం. పనిలో పనిగా లెన్సూ మారుస్తాం. ఇక అద్దాల్లేకుండా దూరమంతా కనిపిస్తుంది!"

మొగుడి మొహం వెలిగిపోయింది. సూదమ్మ మండిపడింది.

"దూరంతో నాకేం పని బాబూ? చిరుగు నా ఒళ్ళోకే వస్తుంది. దూరం కనిపిస్తే రోజంతా ఈయన మొహం చూడాలి. నా దగ్గరి చూపు నాకుంచండి, మీకు పుణ్యముంటుంది."

డాక్టరు నవ్వి, అలాంటి లెన్సే పెట్టాడు. గ్యాసు బుడగ పైకి తేలి పొరను నొక్కి పట్టాలని బోర్లా పడుకోమన్నాడు. సూదమ్మ అలా పడుకునే, కాపురమంతా ఏకరువు పెట్టి మొగుణ్ణి తిట్టింది, నేలను చూస్తూ.

గ్యాసు కరిగాక, రఫ్ఫుకొచ్చిన ఓ కోటు లాక్కుని ముక్కు ఆనించింది. పోగులు కనిపించాయి. కానీ అన్నీ వంకరే. మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తారు.

"చూపు నిలిచే చోట కూడా పొర ఊడింది కదమ్మా. వంకర సర్దుకోవచ్చు, సర్దుకోకపోనూ వచ్చు," అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక ఆవిడ నోరు విప్పలేదు. మొగుడు హడలిపోయాడు. "ఏమే, ఒక్క తిట్టయినా తిట్టవే!"

మర్నాడు సూది తీసింది. పోగు వంగిన చోట సూదీ వంగే కనిపిస్తోంది. వంకరకు వంకర సరిపోయింది. భయపడుతూనే పని ముగించి, కోటు మొగుడి మీదికి విసిరింది.

"చిరుగెక్కడుందో చూపించు."

ఆయన తిప్పాడు, వెలుతురుకు పట్టాడు, వేలితో తడిమాడు. "లేదే."

"సరిగ్గా చూడయ్యా!"

"లేదంటుంటే!"

సూదమ్మ కోటు లాక్కుని, అందులో మొహం దాచుకుని భోరుమంది.

"ఏడవకే, గిరాకీ కోటు!" అంటూనే ఆయన రెండో చేతిలోని ఇస్త్రీ గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.