అద్దాల సెట్టు మీద కాటుక చుక్క

తొంభైల మొదట్లో ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం బాపట్ల నుంచి హైదరాబాద్ వచ్చి, మధురానగర్‌లో అన్నయ్య ఇంట్లో దిగాను. అన్నయ్య సినిమా సెట్లకు లైటింగ్ పని చేసేవాడు. నా బెంగ చూడలేక, ఆ మధ్యాహ్నం ఫిలింనగర్‌లో ఒక పాట సెట్టు చూపించడానికి తీసుకెళ్లాడు.

పైనుంచి సన్నటి తీగలకు రంగు రంగుల గాజు పలకలు వేలాడుతున్నాయి. ఒకదాని మీద నల్లటి మరక కనిపిస్తే, పాపం ఎవరూ చూసుకోలేదనుకుని చున్నీతో శుభ్రంగా తుడిచేశాను.

"అయ్యో, గదెందుకు తుడిసినవమ్మా? గది దిష్టి సుక్క!" అంటూ పరుగెత్తుకొచ్చింది యాదమ్మ. బోరబండ నుంచి వచ్చి ఆ పలకలన్నీ తీగలకు కట్టిన మనిషి ఆమే.

"ఎల్లుండి ఈ సెట్టు విప్పేస్తారట కదండీ, దీనికి దిష్టేంటి?" అన్నాను నవ్వుతూ. మాది పాస్టరుగారి ఇల్లు. మా ఇంట్లో పసిపిల్లలకు కూడా చుక్క పెట్టరు.

"రెండు దినాలుంటే ఏంది? ఉన్నన్ని దినాలు మంచిగుండాలె గదా!"

తన కంటి కాటుకను వేలికి తీసుకుని, పలక మీద మళ్లీ చుక్క పెట్టింది. నేనేం పని మీద వచ్చానో అడిగింది. చెప్పాను. వేలికి మిగిలిన కాటుకను నా చెవి వెనక రాసి, "ఫికర్ చేయకు, పో" అంది.

అప్పుడే అన్నయ్య లైట్లు వేశాడు. గోడల నిండా రంగులు కదిలాయి. వాటి మధ్య ఆ చుక్క నీడ కూడా కదిలింది.

మర్నాడు ఇంటర్వ్యూకి బయల్దేరే ముందు స్నానం చేశాను గానీ, ఆ చెవి వెనక సబ్బు తగలనివ్వలేదు.