టేపక్క రెండోసారి రాసింది

మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది కాబట్టి ఆ వీధిలో అందరికీ ఆమె టేపక్క. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో పొయ్యి, తల్లి మంచం. బడి యూనిఫాంలు కుట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. మిషను ఆగినప్పుడు కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఏవో రాసుకునేది. వాటిలో రెండు వారపత్రికలో వచ్చాక, "మా గురించీ రాస్తావా ఏంటి? రాస్తే నడుం కొలత మాత్రం తగ్గించి రాయి" అని బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు నవ్వేవారు.

చెల్లెలు పోయిన ఏడాదికి ఆమె గురించి రాసింది. ఆసుపత్రి మంచం మీద చెల్లెలికి తల దువ్వి జడ వేసినట్టు, "మా అక్క ఉండగా నాకేం భయం" అంటూ ఆ పిల్ల తన ఒళ్లోనే కన్నుమూసినట్టు రాసింది. పత్రికవాళ్లు బొమ్మ వేయించి మరీ అచ్చు వేశారు. బోలెడు ఉత్తరాలు వచ్చాయి. "అక్కంటే నువ్వేనమ్మా" అంటూ ఎవరో ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చారు.

తల్లికి చదువు రాదు. ఒక మధ్యాహ్నం, "ఊరంతా మెచ్చుకుంటున్నారట కదా, నాకూ చదివి వినిపించవే" అంది.

టేపక్క మిషను వైపు తిరిగింది. "కాజాలు కుట్టాలమ్మా" అని తప్పించుకోబోయింది. తల్లి వదల్లేదు. చదువుతున్నంతసేపూ కళ్లు మూసుకుని వింది.

"బాగా రాశావు" అంది చివరికి. "కానీ జడ వేసింది పక్క మంచం ఆవిడ కదే."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది టేపక్కకి.

చెల్లెలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బడులు తెరిచే రోజులు. అరవై జతల యూనిఫాంలు గదిలో గుట్టగా పడి ఉన్నాయి. మంగళవారం చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, జుట్టంతా చిక్కుపడిపోయింది. అమ్మ చేతులు వణుకుతున్నాయి. ఒక్కసారి వచ్చి జడ వేసి వెళ్లవే."

"ఆదివారం వస్తా, బంగారం" అంది టేపక్క. పని ఒక సాకు. చిక్కి సగమైన ఆ ముఖాన్ని చూడాలంటే ఆమెకు భయం. శుక్రవారం పొద్దున కబురు వచ్చింది.

ఇప్పుడు మళ్లీ కాగితం ముందేసుకుంది. 'పని ఒత్తిడి వల్ల' అని మొదలుపెట్టి కొట్టేసింది. 'వెళ్లలేకపోయాను' అని రాసి అదీ కొట్టేసింది. అయిదో రోజున 'నేను వెళ్లలేదు. భయపడ్డాను' అని రాసింది. ఆ రెండు ముక్కలూ కాగితం మీద పడ్డాక ఇక చెయ్యి ఆగలేదు.

పత్రికకు పంపితే సంపాదకుడు ఫోను చేశాడు.

"ఇదెందుకమ్మా ఇప్పుడు? మీరు జనం మనసులో మంచి అక్కగా ఉండిపోయారు. ఉండనివ్వండి."

"నేను రాసింది అబద్ధమండీ."

"కథల్లో అబద్ధమేంటి, నిజమేంటి!"

"కథ కాదు కదండీ. మా చెల్లెలు."

ఆయన ఫోను పెట్టేశాడు. తర్వాత ఆ కాగితాలు తిరుగు టపాలో వచ్చేశాయి.

టేపక్క వాటిని తల్లికి చదివి వినిపించింది. ఈసారి తల్లి ఏడ్చింది. 'నీ తప్పేం లేదులే' అంటుందని లోలోపల ఎదురుచూసింది టేపక్క. తల్లి అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఒకటి వదిలేశావే."

"ఏంటమ్మా?"

"ఆ మూడు రోజులూ తలుపు చప్పుడైతే చాలు, తల ఎత్తి చూసేది. 'అక్కేమో' అనేది. నీకు చెప్పకూడదనే అనుకున్నా. రాస్తే అదీ రాయి."

టేపక్క నేల మీద కూలబడి పెన్ను తీసింది. ఆ ఒక్క మాట రాయడానికి చాలాసేపు పట్టింది. తల్లి వచ్చి పక్కనే కూర్చుంది. ఏ అక్షరం ఏమిటో తెలియకపోయినా, గాలికి కదలకుండా కాగితం అంచు పట్టుకుంది.