తోమకూడని అచ్చు

నా వంటింట్లోకి వచ్చి ఎవరైనా సాయం చేస్తానంటే నాకు సంతోషమే. ఉల్లిపాయలు తరగండి, కొబ్బరి కోరండి, కబుర్లు చెప్పండి. సింకు వైపు మాత్రం వెళ్లకండి. అక్కడ మేకుకి నల్లటి ఇనప అచ్చు ఒకటి వేలాడుతుంటుంది. పొడుగాటి కాడ, కొసన గులాబీ పువ్వు. చూసినవాళ్లు "అయ్యో, ఎంత జిడ్డు పట్టిపోయిందో" అని జాలిపడి పీచు అందుకుంటారు. ఇక నా నోటికి అదుపుండదు. ఒకసారి మా ఆడపడుచు మీద అరిచేశాను. ఆవిడ ఇప్పటికీ మా ఇంటికొస్తే తాగిన కాఫీ గ్లాసు కూడా కడగదు.

అరిచే హక్కు నాకుంది. ఆ అచ్చుని ఒకసారి తోమి పాడుచేసింది నేనే.

తొంభైల్లో మేం పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న ఖలాసీ. ఒడ్డుకి చేరిన ఓడలకి తాళ్లు కట్టే పని. అమ్మ సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, క్వార్టర్స్‌కి వచ్చినా చేపల గంప వదల్లేదు. తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంలో చేపలు పాడుకుని, మా లైన్లలోనే ఇంటింటికీ తిరిగి అమ్మేది. మిగిలినవి మాకు వేపుడు. కవళ్లో నెత్తళ్లో, ఏవో ఒకటి మూకుట్లో వేగని రోజు మా ఇంట్లో లేదు.

పక్క ఇంట్లో ఆసుపత్రి నర్సు ఒకావిడ ఉండేది. ఒంటరి మనిషి. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీ కుదరలేదు" అని నవ్వేసేది. అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఆ లెక్కన నాకు అత్త. నర్సత్త అనేదాన్ని.

డిసెంబర్ వచ్చిందంటే నర్సత్త ఇల్లే నా ఇల్లు. పూర్ణా మార్కెట్‌కి వెళ్లి రంగు కాగితాలు, జిగురు, ఎండు ద్రాక్ష కొనేవాళ్లం. సంచి మోసినందుకు నాకు ఒక నిమ్మకాయ సోడా. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి కాగితాలు అంటించడం మా ఇద్దరి పని, మేడ మీదకెక్కి దాన్ని కట్టడం నాన్న పని. "ఓడ నిలబడే ముడి ఇది, సుక్క నిలబడదేటి?" అనేవాడు. నిజమే, సముద్రపు గాలికి లైనులో అందరి నక్షత్రాలూ చిరిగి వేలాడేవి. మాది మాత్రం జనవరి దాకా కదిలేది కాదు. మేం దేవుడి గదిలో దీపం పెట్టుకునేవాళ్లమే, అయినా ఆ నక్షత్రాన్ని "మాది" అనే అనుకునేవాళ్లం.

అసలు పండగ ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం. నర్సత్త స్టవ్ ముందు పీట వేసుకుని కూర్చుని, వాళ్లమ్మ ఇచ్చిపోయిన ఆ అచ్చుని నూనెలో కాల్చి, గుడ్డూ మైదా పంచదారా కలిపిన జారుపిండిలో అంచుదాకా ముంచి, మళ్లీ నూనెలో పెట్టి చిన్నగా విదిలించేది. పువ్వు అచ్చుని వదిలేసి తేలిపోయేది. ఆ విదిలింపు చూడ్డానికి నేను స్కూలు ఎగ్గొట్టిన రోజులున్నాయి. మొదటి పళ్లెం మా ఇంటికే వచ్చేది, ఆ తర్వాతే చర్చికి. మర్నాడు అమ్మ హార్బర్‌లో ఉన్నవాటిలో మంచి చందువలు ఏరి తెచ్చి, పులుసు పెట్టి పంపేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, వాళ్ల పువ్వులు మాకు, మా పులుసు వాళ్లకి.

నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న చెల్లెలికి శ్రీమంతం వచ్చింది. కార్తీకమాసం. సారెలో అందరూ తెచ్చే అరిసెలూ లడ్డూలూ కాకుండా గులాబీ పువ్వులు పెట్టాలని అమ్మకి మనసైంది. ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ అచ్చు అడిగింది. నర్సత్త మారుమాట లేకుండా ఇచ్చేసింది. అమ్మ చేసిన పువ్వులు చూసి అత్తవారి వైపు ఆడవాళ్లు ఎలా చేశావని అడిగారు. అమ్మ వారం రోజులు అదే చెప్పుకుంది.

అచ్చు తిరిగి ఇవ్వాల్సిన పని నామీద పడింది. ఆ రోజుల్లో నా బాధ ఒకటుండేది. క్లాసులో ఒకమ్మాయి నా పక్కనుంచి లేచి వేరే బెంచీకి వెళ్లిపోయింది. ఎందుకే అంటే, "నీ దగ్గర సేపల కంపొస్తంది" అంది. అప్పట్నుంచి నేను రోజుకి రెండుసార్లు సబ్బరిగించేస్తున్నాను. జడ వాసన చూసుకోవడం, యూనిఫాం వాసన చూసుకోవడం. ఈ అచ్చు మా మూకుట్లో మునిగింది, మా ఇంట్లో వారం రోజులుంది. దానికీ వాసన పట్టి ఉంటుందనిపించింది. అమ్మ ఇంట్లో లేదు. పీచూ బూడిదా ఇటుకపొడీ తీసుకుని పెరట్లో కూర్చున్నాను. వేళ్లు కొట్టుకుపోయేదాకా తోమాను. నలుపంతా పోయి వెండిలా మెరిసింది. నా అంత పనిమంతురాలు లోకంలో లేదనుకున్నాను.

ఒకరి వస్తువు ఉత్తగా తిరిగివ్వకూడదన్నది మా అమ్మ నియమం. అందుకని చిన్న పొట్లంలో పంచదార కూడా పెట్టి, అంతా కలిపి న్యూస్‌పేపర్లో చుట్టి, పురికొస కట్టి ఇచ్చాను. నర్సత్త డ్యూటీకి బయల్దేరుతోంది. విప్పకుండానే అటక మీద పెట్టేసింది.

ఆ ఇరవై నాలుగున సాయంత్రం దాకా పళ్లెం రాలేదు. వచ్చాక చూస్తే అందులో కేకు, కజ్జికాయలు ఉన్నాయి. పువ్వుల్లేవు. "ఈసారి కుదరలేదు వదినా" అని నర్సత్త తలుపు దగ్గరే చెప్పి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు.

అమ్మ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది.

"ప్రతేడూ కుదిరినాయి, ఈ ఏడే కుదరకపోడమేటి?" అంది. తనే జవాబు చెప్పుకుంది. "మన సేతులు తగిలినాయి కదా. సేప కంపు ఒగ్గనేదేమో."

నాన్న "ఊరుకోయే, ఆవిడలాటిది కాదు" అన్నాడు.

"అలాటిది కాదని నానూ అనుకున్నాను. నువ్వెల్లి ఆ సుక్కకి కట్టిన తాడు ఇప్పీసి తెచ్చీ."

"పండగపూట తాడిప్పితే బాగోదు" అని నాన్న చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు.

నేను ఏమనుకున్నానో చెబితే నవ్వుతారు. ఇంకాస్త తోమి ఉండాల్సిందనుకున్నాను. అంత రుద్దినా మా వాసన పోలేదని కుమిలిపోయాను. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

మర్నాడు పులుసు వెళ్లలేదు. గోడ మీంచి "వదినా" అన్న పిలుపు ఆగిపోయింది. నర్సత్త చేపలకి వస్తే, గంప నిండుగా ఉన్నా, అమ్మ గోనెపట్టా కప్పేసి "అయిపోనాయమ్మా, సేపలు నేవు" అనేది. "వదినా" కాస్తా "అమ్మా" అయిపోయింది. ఆవిడ ఖాళీ గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్లేది, మళ్లీ మూడో రోజు వచ్చేది. ఆవిడ ఓపిక చూస్తే నాకు మరీ కోపం వచ్చేది.

శివరాత్రి దగ్గర్లో అమ్మ కొత్త ఇనప పెనం కొంది. కాల్చి, నూనె రాసి, మళ్లీ కాల్చి, ఉల్లిపాయ ముక్కతో రుద్దుతోంది. అప్పటికే అది నల్లబడుతోంది. నేను పీచు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఇటియ్యమ్మా, తోమి పెడతాను."

"ఓలమ్మో, తోమీడమేటి?" అమ్మ నా చెయ్యి తోసేసింది. "ఇనుముని తోమితే ఇంకేటుంటాది? నూనె తాగి తాగి నల్లబడితేనే అట్టు ఒగ్గుద్ది. తోమీసినావంటే సచ్చినా నెగదు, అంటుకుపోద్ది."

పీచు అక్కడే పడేసి పెరట్లోకి వెళ్లిపోయాను. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. చెబితే దెబ్బలు తప్పవు. చెప్పకపోతే అమ్మ ఆవిణ్ణి జన్మలో క్షమించదు. క్షమించడానికి ఆవిడ చేసిన తప్పే లేదు.

మూడో రోజు నర్సత్త గిన్నె పట్టుకుని వచ్చింది. అమ్మ "అయిపోనాయి" అంది. గోనెపట్టా కిందనుంచి ఒక చందువ తోక బయటికే కనిపిస్తోంది. నర్సత్త ఆ తోక చూసింది, అమ్మ మొహం చూసింది, సరేనని వెళ్లిపోయింది. ఇక నావల్ల కాలేదు.

"అచ్చు నేనే తోమేశాను" అన్నాను. "ఇటుకపొడితో. నల్లదంతా పోయేదాకా."

అమ్మకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమవగానే చెయ్యి లేచింది.

"ఎందుకు తోమినావే గుంటా? నిన్నెవరు తోమమన్నారు?"

"చేపల వాసన వస్తాదని."

లేచిన చెయ్యి అలాగే ఆగింది. అమ్మ ఆ చేతిని దించి, తన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ల తర్వాత కూడా అదొక్కటి తల్చుకుంటే నాకు సిగ్గేస్తుంది.

"వస్తాది" అంది మెల్లగా. "రాకేటి సేత్తాది?"

తర్వాత గంపలో ఉన్న చందువలన్నీ గిన్నెలో వేసి, నా రెక్క పట్టుకుని పక్కింటికి లాక్కెళ్లింది.

నర్సత్త మా ఇద్దర్నీ చూసి విషయం పట్టేసింది. "చెప్పేసిందేటి?" అని నవ్వింది. ఆ పొట్లం విప్పగానే అచ్చు మెరుపు చూసి తనకి ప్రాణం పోయినంత పనైందని, అయినా మూడు గిన్నెల పిండి కలిపి ప్రయత్నించానని, ఒక్క పువ్వూ ఊడలేదని చెప్పింది. "ఆ నలుపు మా అమ్మ చేతిది వదినా. ఏడుపొచ్చింది. నీతో చెబితే పిల్లని సావగొడతావు కదా, అందుకే సెప్పనేదు."

"నానేటనుకున్నానంటే..." అని అమ్మ మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సత్త మొహంలో నవ్వు పోయింది. తోక కనిపిస్తున్నా గంప ఎందుకు కప్పేసిందో ఆవిడకి అప్పుడు అర్థమైంది. లోపలికెళ్లి అచ్చు తెచ్చింది, అప్పటికి దానిమీద తుప్పు చుక్కలు కూడా పడ్డాయి. అమ్మ చేతుల్లో పెట్టింది.

"నా ఇంట్లో నూనె మరిగేది పండక్కే. మీ ఇంట్లో రోజూ మూకుడెక్కుద్ది. దీన్ని ఆ సేపల నూనెలోనే పడీ. ఏడాది తాగనీ."

"వాసనొస్తాదొదినా."

"రానీ. నాను తిన్న సేపలే కదా."

ఆ ఏడాదంతా కవళ్లు వేగాక, మూకుడు దించే ముందు, అచ్చుని ఆ నూనెలో ముంచి తీయడం నా పని. తుడిచి మేకుకి తగిలించేదాన్ని. మొదట గోధుమరంగు, తర్వాత మాగిన ఈతపండు రంగు, దీపావళికి నల్లగా అయింది. ఇంత శ్రద్ధ నేను చదువు మీద పెట్టలేదు.

మళ్లీ డిసెంబర్ వచ్చింది. నాన్న నక్షత్రం కట్టాడు. ఇరవై నాలుగు మధ్యాహ్నం నర్సత్త స్టవ్ ముందు ముగ్గురం కూర్చున్నాం. కొత్త నూనె కాగింది, అచ్చు మునిగింది, అత్త విదిలించింది. పువ్వు ఊడి తేలింది. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మొదటి రెండు పువ్వులకి కాస్త కవళ్ల వాసన తగిలింది, అవి పెరట్లో పిల్లికి వేశాం. మూడో దాన్నుంచి ఏ వాసనా లేదు. మర్నాడు పాస్టరు గారు నాలుగు తిని, "ఈ ఏడు రుచి ఇంకా పెరిగిందమ్మా, ఏం కలిపావు?" అని అడిగారట. నర్సత్త గోడ మీంచి ఆ మాట చెబితే అమ్మ నవ్వలేక నేలమీద కూలబడిపోయింది. అప్పట్నుంచి అది ఆనవాయితీ అయిపోయింది. ఏడాదంతా అచ్చు మా ఇంట్లో, పండక్కి వాళ్లింట్లో, మొదటి రెండు పువ్వులూ పిల్లికి.

రెండువేలు దాటాక అందరం చెల్లాచెదురయ్యాం. నాన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాడు. నాకు స్టీల్‌ప్లాంటులో పనిచేసే మనిషితో పెళ్లయి గాజువాక వచ్చేశాను. నర్సత్తా రిటైరై, అచ్చు తీసుకుని, గోపాలపట్నంలో చిన్న వాటాలో దిగింది. ఒక వానాకాలం అమ్మ పోయింది. హార్బర్ నుంచి వచ్చి, గంప దించి, నడుం వాల్చింది, మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత నేను ఇంట్లో చేపలు వండలేదు. మూకుడు చూస్తేనే ఏడుపొచ్చేది. డిసెంబర్ వచ్చినా నక్షత్రం ఊసెత్తలేదు.

ఇరవై మూడో తేదీన నర్సత్త బస్సు దిగి, ఆయాసపడుతూ మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసింది. పురికొస కట్టి ఉంది. పక్కన చిన్న పంచదార పొట్లం.

"నూనె దగ్గర సేతులు వణుకుతన్నాయే. ఇకనుంచి నీదే."

పొట్లం విప్పాను. అచ్చు నల్లగా, నున్నగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తిప్పి మళ్లీ చూశాను. ఏ వాసనా లేదు.

"వాసన పోయిందత్తా" అన్నాను.

నర్సత్త నా వీపు నిమిరింది. "బజార్లో కవళ్లు దొరుకుతాయేటి?" అంది.

వెళ్లి తెచ్చాను. నేనే శుభ్రం చేశాను, నేనే వేయించాను. మూకుడు దించే ముందు అచ్చుని ఆ నూనెలో ముంచాను. మర్నాడు మధ్యాహ్నం అత్త పీట మీద కూర్చుని చెబుతుంటే నేను విదిలించాను. పువ్వులు ఊడి తేలాయి.

మొదటి రెండూ పళ్లెంలో విడిగా పెట్టాను. గుమ్మంలో మా వీధి పిల్లి కూర్చుని ఉంది. ఆ ఏడు దానికి వేయలేదు. అత్త ఒకటి, నేనొకటి తినేశాం.