నాన్న పచ్చ తువ్వాలు

అమ్మ పోయిన నెలకి, మనసు మళ్లుతుందని నాన్నని రాయపూర్ నుంచి విశాఖ తీసుకెళ్లి, హార్బర్‌లో తిప్పే చిన్న యాట్ పడవ ఎక్కించాను. నాన్న రైల్వే గార్డుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక ఆయనకు మాట లేదు. నాకు ఏడుపూ రాలేదు.

పెద్ద ఓడ ఒకటి ఎదురొచ్చింది. మా పడవ ఒక్కసారిగా ఊగింది. నాన్న లేచి నిలబడ్డారు.

"బైఠో నాన్నా, కూర్చో, పడిపోతావ్" అని చొక్కా పట్టుకున్నాను.

ఆయన వినలేదు. ఎదురు బండికి గార్డు చూపించే జెండాలా, జేబులోని పచ్చ తువ్వాలు తీసి, ఓడ పూర్తిగా దాటేదాకా ఊపారు.

"ఎందుకు నాన్నా?"

"గాడీ దాటేదాకా నిలబడాలమ్మా. మీ అమ్మ వెళ్లేటప్పుడు నేను ఆసుపత్రిలో మందుల లైన్‌లో ఉండిపోయాను."

అప్పుడూ నాకు ఏడుపు రాలేదు. కానీ ఇప్పుడు రాయపూర్‌లో రైల్వే గేటు దగ్గర ఆగితే, రైలు చివరి పెట్టె దాటేదాకా స్కూటర్ దిగి నిలబడతాను.