ఏడో నంబరు సిస్టంలో అరటిగెల

నాకు మెమో ఇచ్చారు. ఏడో నంబరు కంప్యూటర్లో ఉన్న అరటిగెలని నేను చెరిపేశానట. "సాంకేతిక పరిజ్ఞానం లేని అటెండరు అత్యుత్సాహం వల్ల" అని టైపు కొట్టించి మరీ ఇచ్చారు. నేను చెరపలేదు. అప్పుడూ అదే చెప్పాను, పాతికేళ్ళు దాటాక ఇప్పుడూ అదే చెబుతున్నాను. చెరిపించిందెవరో నాకు తెలుసు. అసలు గెల పోయిందని నేను పనిచేసిన యూనివర్సిటీ మొత్తమ్మీద అందరికంటే ముందు కనిపెట్టినవాణ్ణే నేను.

ఆ రోజుల్లో కంప్యూటరు గదంటే దేవుడి గదే. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళాలి. ఏసీ మనుషులకి కాదు, యంత్రాలకి. (మనుషులకి వరండాలో ఫ్యాను కూడా ఉండేది కాదు, ఆ మనుషుల్లో నేనొకణ్ణి.) పదో తరగతి తప్పి, నానా పనులూ చేసి, ఆ ల్యాబుకి అటెండరుగా చేరేనాటికి నాకు ముప్పై మూడేళ్ళు. కుర్రాణ్ణి. (నవ్వకండి, ఇప్పట్నించి వెనక్కి చూస్తే కుర్రాణ్ణే.) పొద్దున్నే తాళం తియ్యడం, కంప్యూటర్ల మీది గుడ్డలు మడతపెట్టడం, మధ్యాహ్నం పిల్లల రికార్డులు పాఠం చెప్పే మేడమ్ గారి దగ్గరికి మోసుకెళ్ళి సంతకాలు పెట్టించుకురావడం, ఇవీ నా పనులు. కీబోర్డు మీద దుమ్ము తుడవచ్చు, కీబోర్డు మాత్రం నొక్కకూడదు. తుడుస్తూ నొక్కకుండా ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు.

ఆ రికార్డుల సంగతి చెప్పాలి. వెబ్ పేజీ తయారుచెయ్యడం అప్పట్లో కాగితం మీద నేర్పేవారు. గీతలున్న కుడి పేజీలో ప్రోగ్రాం నీలం ఇంకుతో రాయాలి. తెల్లగా ఉన్న ఎడమ పేజీలో, అది తెర మీద ఎలా కనబడుతుందో పెన్సిలుతో బొమ్మ వెయ్యాలి. స్కేలు పెట్టి గియ్యకపోతే మార్కు కోత. మేడమ్ గారు భోజనం ముగించుకొచ్చేదాకా ఆ ముప్పై రికార్డులూ ఒళ్ళో పెట్టుకుని, ఊరికే కూర్చోలేక చదివేవాణ్ణి. ఒకే పాఠం ముప్పైసార్లు చదివితే గేదెకైనా వస్తుంది, నాకూ వచ్చింది. పొద్దున్న దుమ్ము తుడిచే వంకన, చదివింది నోట్‌ప్యాడ్‌లో కొట్టి చూసుకునేవాణ్ణి. నా పేరు ఎర్రటి అక్షరాల్లో తెర మీద ఈ చివర్నించి ఆ చివరికి పరిగెత్తిన రోజున ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను.

"పరిగెత్తి ఎక్కడికెళ్ళిందండి?" అంది.

"ఎక్కడికీ వెళ్ళదే, మళ్ళీ మొదటికే వస్తుంది."

"అయితే మీ ఉద్యోగంలాగే," అని పప్పులో పోపు వేసింది.

అలా చదువుతుంటేనే ఒక విడ్డూరం కంటబడింది. రికార్డులో మొదటి పాఠం "నా హోం పేజీ". ముప్పై మందీ రాసింది ఒకటే: నా సొంత ఊరు రావులపాలెం, కింద అరటిగెల బొమ్మ. సముద్రం ఒడ్డున వేటకెళ్ళేవాళ్ళింటి అమ్మాయిదీ రావులపాలెమే, భీమవరం రొయ్యల చెరువుల వారబ్బాయిదీ రావులపాలెమే, పాస్టర్ గారబ్బాయిదీ అంతే. కారణం, మొట్టమొదటి బ్యాచీలో ఫస్టొచ్చిన కుర్రాడిది రావులపాలెం, అరటిగెలలకి పేరున్న ఊరు. వాడి రికార్డు చూసి తర్వాతివాళ్ళు రాశారు, వాళ్ళది చూసి ఆ తర్వాతివాళ్ళు. ఒకసారి మేడమ్ గారి సంతకం పడిన దాంట్లో మాట మార్చడమంటే వేదంలో స్వరం మార్చినట్టే. బొమ్మ దాచిన చోటు కూడా వాడు రాసిందే రాసేవారు: సి డ్రైవు, అందులో ఫలానా ఫోల్డరు. అది వాడు కూర్చున్న ఏడో నంబరు సిస్టం లోపలి అడ్రసు. "మా ఇంట్లో బీరువా మీద నేతిగిన్నె ఉంది" అంటే మన ఇంట్లోవాళ్ళకి దొరుకుతుంది. పక్కింటాయన తన బీరువా మీద వెతుక్కుంటే ఏముంటుంది, బొద్దింకలు. అందుకని ఏడో నంబరులోనే గెల కనబడేది. మిగతా వాటిలో ఖాళీ డబ్బా, దాని మూల ఎర్రటి ఇంటూ గుర్తు. పిల్లలు మాత్రం ఏడో నంబరు కలిసొచ్చే సిస్టమనుకున్నారు. దానికి బొట్టు పెట్టారు. పాస్టర్ గారబ్బాయి కీబోర్డు కింద ఒక బైబిలు వాక్యం చీటీ పెట్టాడు. (రెండూ తుడిచి, సర్ది, మళ్ళీ యథాస్థానంలో పెట్టేవాణ్ణి. నాకు భేదాల్లేవు.) పరీక్షలప్పుడు వంతులవారీగా అందరూ దానిమీదే చూపించి గట్టెక్కేవారు.

ఆ ఏడాది పరీక్షకి నాలుగు రోజుల ముందు వైరస్ వచ్చిందని మా డిపార్టుమెంటు హెడ్డు గారు తన బావమరిది షాపునించి ఒకతన్ని పిలిపించి, సిస్టములన్నీ ఫార్మాట్ కొట్టించారు. అంటే ఉన్నదంతా ఊడ్చేయించారు. నేను ఆయన గదిలోకెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అయ్యా, ఏడో నంబరులో అరటిగెల పోయిందండి."

"ఎవడు తిన్నాడు?"

"తినే గెల కాదండి, పిల్లల హోం పేజీలో గెలండి. అందరూ దాని అడ్రసే రాస్తున్నారండి. పరీక్షలో ఒక్కళ్ళకీ రాదండి."

ఆయన ఎదురుగా కూర్చున్న మేడమ్ గారి వైపు తిరిగి, "మనం రిటైరైపోవచ్చండి మేడమ్, ఇకమీదట పాఠాలు ఈయన చెబుతారు" అన్నారు. మేడమ్ గారు నవ్వాపుకుని, "నువ్వెళ్ళి స్టూళ్ళు సర్దవయ్యా" అన్నారు. సర్దాను. నా జీవితంలో స్టూళ్ళని అంత కోపంగా ఎప్పుడూ సర్దలేదు.

పరీక్షకి బయటి కాలేజీ నించి ఎక్స్‌టర్నల్ గారొచ్చారు. ఒక్కో తెరా చూసుకుంటూ నడిచి, సగంలో ఆగి, "ఏంటమ్మా, అందరిదీ రావులపాలెమేనా?" అన్నారు. "అవునండి" అన్నారు అందరూ, చర్చిలో ఆమెన్ అన్నట్టు. ఆయన వేటవాళ్ళమ్మాయి దగ్గర నిలబడి తెర మీద వేలు పెట్టారు.

"ఈ ఎర్ర ఇంటూ ఏంటి?"

"అరటిగెలండి."

"ఏదమ్మా గెల?"

"రికార్డులో ఉందండి," అని స్కేలుతో గీసిన గెల చూపించింది. (స్కేలుతో గీస్తే గెల తాటాకు దడిలా వస్తుంది.) ఆయన సున్నా వెయ్యడానికి పెన్ను మూత తీశారు, పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచినీళ్ళ ట్రేతో గుమ్మంలో ఉన్న నాకు నోరాగలేదు.

"గెల ఆ ఇంట్లో లేదండి!"

"ఎవరండీ తమరు?"

"మంచినీళ్ళండి."

"మంచినీళ్ళు గారూ, తెలిస్తే లోపలికొచ్చి చెప్పండి" అన్నారాయన. మహానుభావుడు. వెళ్ళి చెప్పాను: "అమ్మాయ్, పెయింట్‌లో మీ నాన్న పడవ గియ్యి. పేజీ ఉన్న ఫోల్డర్లోనే దాచు. ఆ పొడుగాటి అడ్రసు కొట్టేసి బొమ్మ పేరొక్కటే ఉంచు. ఆ చేత్తోనే రావులపాలెం తీసేసి మీ ఊరు పెట్టుకో." మౌసు పట్టుకుని ఎక్కడెక్కడ నొక్కాలో నొక్కి చూపించాను కూడా. ఐదు నిమిషాలకి పడవ తేలింది. పడవకన్నా తెడ్డు పెద్దది, అయినా పడవే. అది చూసి పక్కవాడు రొయ్య గీశాడు, ఆ పక్కవాడు చర్చి లేపాడు. ముప్పై మందీ పాసు.

మర్నాడు నాకు మెమో. పరీక్ష హాల్లో మౌసు ముట్టుకున్నాడని రాస్తే రాసుకోనివ్వండి, ముట్టుకున్నాను. గెల చెరిపేశానని, నాకు తెలీదనీ రాయడమేంటండీ! హెడ్డు మారినప్పుడల్లా ఒక అర్జీ పెట్టాను. రిటైరయ్యాక కూడా పెట్టాను. చివరికి ఈమధ్యే ఒక ఈమెయిలొచ్చింది: మెమో రద్దు చేశాం, ఆ ఉత్తర్వు ఫొటో తీసి మా వెబ్‌సైటులో పెట్టాం, చూసుకోండి అని. మా ఆవిడని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. నా పేరుంది. దాని కింద ఖాళీ డబ్బా ఉంది.

పేజీ లోపలికెళ్ళి చూశాను. (ఆ విద్య మర్చిపోలేదు.) బొమ్మ అడ్రసు: సి డ్రైవు, ఎవరో గుమాస్తా గారి డెస్క్‌టాప్.

"మళ్ళీ మొదటికొచ్చిందాండి?" అంది మా ఆవిడ. ముప్పై మూడేళ్ళప్పుడైతే ట్రే విసిరికొట్టి ఉండేవాణ్ణి. ఇప్పుడు నవ్వొచ్చింది, ఆ గుమ్మంలో ట్రే పట్టుకుని ఊగిపోతున్న కుర్రాడి మీద కాస్త జాలి కూడా వేసింది. కాఫీ తాగి, బీరువా, నేతిగిన్నె దృష్టాంతంతో సహా పేజీన్నర జవాబు రాసి పంపాను. వారం తిరక్కుండా ప్రత్యుత్తరమొచ్చింది:

"అయ్యా, మా సిస్టంలో చక్కగా కనిపిస్తోందండి. తమరు వీలు చూసుకుని ఆఫీసుకొచ్చి, మూడో నంబరు సిస్టంలో చూసుకోగలరు."