కాగితానికి పైవైపు

దుర్గ్‌లో రైలెక్కిన ఆయన, దుప్పటి చుట్టిన రేకు ట్యాంకును ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. భిలాయి ప్లాంటులో వెల్డరట. విజయనగరంలో తమ్ముడు తన పాత టాక్సీకి పెట్రోలు ఇంజను తీసేసి డీజిలుది వేయించాడు. దానికి పాత ట్యాంకు కుదరక, కొత్తదాని కొలతకి న్యూస్‌పేపరు కత్తిరించి అన్నకి పోస్టులో పంపాడు.

“నెల్లాళ్లు డ్యూటీ దిగినాక సేసినాను బాబూ. నీల్లు పోసి సూసినాను, సుక్క కారనేదు,” అంటూ ఆ కాగితం చూపించాడు.

“రెండు వైపులా అచ్చే కదా, ఇందులో పైవైపు ఏది?” అని ఊరికే అడిగాను.

ఆయన నవ్వబోయి ఆగాడు. జేబులోంచి తమ్ముడి ఉత్తరం తీసి చదివాడు. డీజిలు పోసే మూతి ఎడమ చక్రం వైపు రావాలి. దుప్పటి విప్పి ట్యాంకును సీటు మీద పెట్టి చూస్తే, అది కుడివైపు ఉంది. కాగితాన్ని బోర్లా పెట్టి చేసేశాడు.

“తిరగేసి బిగిస్తే?”

“మూతి నేలకి సూస్తాది. వంపులన్నీ అటుది ఇటు అయిపోనాయి. ఇంకేటీ అవదు బాబూ. మావోడు దీని కోసమే బండాపుకుని కూకున్నాడు.”

దుప్పటిని మళ్లీ అంతే జాగ్రత్తగా చుట్టి, ట్యాంకును ఒళ్లోకి తీసుకున్నాడు.

విజయనగరం ఇంకా పది గంటల దూరం. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పది గంటలైనా ఆయనకి మిగిలేవి.